ఐదో తరగతి పిల్లలకు ‘కరగడం’ ఎలా చెప్పాలి? ఉప్పు నీళ్ళయిపోయిందంటున్నారు

పలకబలపం (ఐదో తరగతి టీచర్, కర్నూలు జిల్లా)

అందరికీ నమస్తే. నిన్న క్లాసులో జరిగింది చెప్పి మీ సలహా అడుగుదామని రాస్తున్నాను.

పరిసరాల విజ్ఞానంలో నీళ్ళలో కరిగేవి, కరగనివి అనే పాఠం మొదలుపెట్టాను. గాజు గ్లాసులో నీళ్ళు పోసి చెంచాడు ఉప్పు వేసి కలిపాను. ఉప్పు ఏమైందని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో “కరిగిపోయింది టీచర్” అన్నారు. మామూలుగా అయితే “శభాష్” అని ఇసుక ప్రయోగానికి వెళ్ళిపోయేదాన్ని. నిన్న ఎందుకో “కరిగి ఏమైంది?” అని ఇంకో ప్రశ్న వేశాను.

ముందు బెంచీలో అమ్మాయి లేచి “నీళ్ళయిపోయింది టీచర్. ఐసు కరిగితే నీళ్ళయితాది కదా, అట్లనే” అంది. చేతులెత్తమన్నాను. 31 మందిలో 27 మంది ఆ అమ్మాయి వైపే ఉన్నారు. ఇద్దరు మాయమైందన్నారు, ఒకడు అడుక్కి పోయిందన్నాడు. ఒక్క పిల్లాడు మాత్రం “నీళ్ళలోనే ఉంది టీచర్, తాగితే ఉప్పగుంటాది” అన్నాడు, అదీ గొణిగినట్టు.

ఆ అమ్మాయి జవాబులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. ఐసు కరిగిందంటాం, ఉప్పు కరిగిందంటాం. మాట ఒకటే అయినప్పుడు జరిగేదీ ఒకటే అనుకోవడం సహజం. ఇన్నేళ్ళూ నేను రెండింటికీ ఆ మాటే వాడాను. ఎంతమంది పిల్లలు ఉప్పు నీళ్ళవుతుందనుకుంటూ నా క్లాసు దాటి వెళ్ళారోనని రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఏ మాట వాడాలి? పదేళ్ళ పిల్లలకు ఐసుది ద్రవీభవనం, ఉప్పుది విలీనం అని చెప్పనా?

---

గడియారం (టీచర్, గుంటూరు జిల్లా)

మేడమ్, మీరు బాధపడేంత తప్పు ఇందులో లేదు. ఇప్పుడు పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదా. ఐసుకి మెల్ట్, ఉప్పుకి డిజాల్వ్ అని చెప్పేయండి. ఆరో తరగతికి వెళ్ళాక ఎలాగూ ఆ మాటలే వస్తాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా బడిలో ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. నాలుగూ ఐదూ ఒకే గదిలో. ఒక్క మాట మీద రెండు పీరియడ్లు పెడితే లెక్కలు వెనకబడతాయి. ప్రయోగాలు చేయించాలని నాకూ ఉంటుంది. టైము లేదు. ఎవరైనా సలహా ఇచ్చేటప్పుడు దయచేసి అది గుర్తుపెట్టుకోండి.

---

డాలస్‌నాన్న

నేను టీచర్‌ని కాను, నాలుగో తరగతి చదివే పాపకి తండ్రిని. ఇంగ్లీషు మాటలు చెప్తే సరిపోతుందన్నారు కాబట్టి మా ఇంటి అనుభవం చెప్తాను.

మా పాప పుట్టింది, చదువుతున్నది ఇక్కడే, అమెరికాలో. ఇంట్లో తప్ప తెలుగు మాట్లాడదు. పోయిన వారం నిమ్మరసం కలుపుతుంటే పంచదార మెల్ట్ అయిందంది. డిజాల్వ్ అనే మాట బళ్ళో నేర్పారు, స్పెల్లింగు కూడా వచ్చు. రెండింటికీ తేడా ఏంటమ్మా అంటే కాసేపు ఆలోచించి “డిజాల్వ్ అంటే వాటర్‌లో మెల్ట్ అవడం” అంది. అంటే రెండో మాట నేర్చుకుంది కానీ దాన్ని మొదటి మాట కిందే పెట్టుకుంది. తన స్నేహితులూ అలాగే అంటున్నారు.

కాబట్టి ఇది ఒక్క తెలుగు వల్ల వచ్చిన ఇబ్బంది కాదేమో. తెలుగులో మాట కలిసి ఉండటం వల్ల మనకి ముందే బయటపడింది, అంతే.

---

పరీక్షనాళిక (జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యాను, రాజమండ్రి)

పలకబలపం గారూ, “కరిగి ఏమైంది?” అని మీరు వేసిన రెండో ప్రశ్న నేను ఇంటర్ పిల్లలకు 30 ఏళ్ళు పాఠం చెప్పి కూడా వెయ్యలేదు. ద్రావణం (కలిసిన ద్రవం), ద్రావితం (కరిగేది), ద్రావణి (కరిగించుకునేది) అని బోర్డు మీద నిర్వచనాలు రాసి ముందుకెళ్ళిపోయేవాణ్ణి. మోలారిటీ లెక్కలు చకచకా చేసే కుర్రాళ్ళలో ఎంతమంది మనసులో ఉప్పు నీళ్ళయిపోయి ఉందో నాకు తెలియదు.

నా మాట వింటే, ‘కరగడం’ అనే మాటని తీసేయకండి. పిల్లలకది అమ్మ ఒడిలో వచ్చిన మాట. మనం బడిలో వద్దన్నంత మాత్రాన ఇంటికెళ్ళి వాడటం మానరు. అయితే మన తెలుగే ఆ తేడాని ఇంకోచోట దాచిపెట్టింది, చూడండి:

వెన్న వేడికి కరిగింది. ఐసు ఎండకి కరిగింది. మైనం మంటకి కరిగింది.

ఉప్పు నీళ్ళలో కరిగింది. చక్కెర పాలలో కరిగింది. రంగు నూనెలో కరిగింది.

మొదటి వరసలో ‘కి’ వచ్చింది, రెండో వరసలో ‘లో’ వచ్చింది. ఎవరూ నేర్పకుండానే పిల్లలు ఈ విభక్తులు సరిగ్గా వాడతారు. ‘ఐసు ఎండలో కరిగింది’ అని కూడా అంటాం, నిజమే. అప్పుడు “ఐసు ఎండలో కలిసిందా?” అని అడిగితే నవ్వేసి వాళ్ళే సరిచేసుకుంటారు. ఎవరైనా ‘కరిగింది’ అనగానే క్లాసంతా ఒకే ప్రశ్న వెయ్యాలి: “దేనికి కరిగింది, దేంట్లో కరిగింది?”

‘కి’ కరగడంలో ఉండేది ఒకే పదార్థం. వేడి తగిలి గట్టిది ద్రవమవుతుంది, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. ‘లో’ కరగడానికి రెండు పదార్థాలు కావాలి. ఒకటి రెండోదాంట్లోకి సర్దుకుంటుంది. ఉప్పు వేడికి కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. అంత వేడి మీ గాజు గ్లాసులో లేదు కాబట్టి అక్కడ జరిగింది ఐసు కరగడం లాంటిది కాదు. ఈ ఒక్క అంకె మీ పిల్లలకు చెప్పండి, నోళ్ళు తెరుస్తారు.

ద్రవీభవనం, విలీనం అనే మాటలు తర్వాత వస్తాయి. విషయం తెలిశాక పేరు పెడితే ఆ పేరు నిలుస్తుంది.

గడియారం గారూ, దీనికి పీరియడ్ అక్కర్లేదు. తెలుగు పాఠంలోనే అయిపోతుంది.

---

గడియారం

మాస్టారూ, విభక్తుల సంగతి బాగుంది. రేపు నాలుగూ ఐదూ కలిపి తెలుగు పీరియడ్‌లోనే చెప్పి చూస్తాను.

---

ఉప్పుమడి

మాది చినగంజాం, సముద్రం పక్కన ఉప్పు పండించే ఊరు. ఇప్పుడు ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో ఉన్నాను కానీ చిన్నప్పుడు మా నాన్నతో ఉప్పు కొఠార్లకి వెళ్ళేవాణ్ణి. మా ఊళ్ళో పిల్లలు ఉప్పు నీళ్ళయిపోయిందని చచ్చినా అనరు. రోజూ కళ్ళ ముందు నీళ్ళు పోయి ఉప్పు మిగులుతుంటే ఎలా అంటారు?

సముద్రపు నీళ్ళు లీటరులో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీటిని ఒక మడి నుంచి ఇంకో మడిలోకి తిప్పుతూ ఎండబెడతారు. చివరి మడికొచ్చేసరికి నీళ్ళు చిక్కబడి, పొద్దున పైన సన్నటి పొర కడుతుంది. వేలితో తాకితే విరిగి అడుక్కి దిగుతుంది. అదే పెరిగి గళ్ళుప్పు అవుతుంది. కొన్నాళ్ళకి ఉప్పు లాగేశాక మిగిలిన నీళ్ళు చేదుగా ఉంటాయి. వాటిలో ఎక్కువ మెగ్నీషియం లవణాలు. ఒకే నీళ్ళలో రెండు మూడు రకాలు కరిగి ఉంటాయనీ, అన్నీ ఒకేసారి బయటికి రావనీ నాకు ఆ మడి దగ్గరే తెలిసింది. ఇటు చినగంజాం, అటు శ్రీకాకుళం వైపు నౌపడ దగ్గరగా ఉన్న బడులవాళ్ళు ఒక్కసారైనా పిల్లల్ని తీసుకెళ్ళాలి. ఫిబ్రవరి నుంచి మే లోపు వెళ్తే పని జోరుగా ఉంటుంది.

మాస్టారూ, నాదొక ప్రశ్న. వానాకాలంలో డబ్బాలో ఉప్పు దానంతటదే చెమ్మగిల్లి కరుగుతుంది. అది ‘కి’ కరగడమా, ‘లో’ కరగడమా? వేడీ లేదు, మనం నీళ్ళూ పొయ్యలేదు.

---

పరీక్షనాళిక

భలే పట్టుకున్నారు. అది ‘లో’ కరగడమే. నీళ్ళు గాలిలోంచి వచ్చాయి. మీరు చెప్పిన ఆ చేదు మెగ్నీషియం లవణాలు కొద్దిగా ఉప్పుని అంటుకుని ఉంటాయి. గాలిలో తేమని ముందు లాక్కునేవి అవే. అందుకే శుద్ధి చేసిన ఉప్పు కంటే గళ్ళుప్పు త్వరగా నీరు కారుతుంది. రెండింటినీ రెండు మూతల్లో పోసి వానరోజు కిటికీలో పెడితే పిల్లలే చూస్తారు.

---

పలకబలపం

నాలుగు రోజులుగా రాయలేకపోయాను. రోజూ క్లాసులో ఇదే పని.

మొదట తూకం వేశాం. కిరాణా కొట్టు నుంచి డిజిటల్ తూకం అరగంటకి అడిగి తెచ్చాను. స్టీలు గిన్నెలో 200 గ్రాముల నీళ్ళు, పక్కన కాగితం మీద 20 గ్రాముల ఉప్పు. కలిపాక ఎంత చూపిస్తుందో ముందే పలకల మీద రాయమన్నాను. 200 అని రాసినవాళ్ళే ఎక్కువ. ఉప్పు ‘కరిగిపోయింది’ కదా, పోయినదానికి బరువేముంటుందని వాళ్ళ ఆలోచన. ‘పోయింది’ అనే సహాయక్రియ కూడా పిల్లల్ని దారి తప్పిస్తోందని నాకు అప్పుడే తట్టింది. కొందరు 210 రాశారు. 220 రాసినవాళ్ళు ఆరుగురు.

ఉప్పు వేసి, కలిపి, అది పూర్తిగా కనిపించకుండా పోయేదాకా ఆగాం. కలిపిన చెంచాకి అంటుకున్న చుక్కల్ని కూడా గిన్నెలోకే విదిలించాలని ఒక పిల్లాడు పట్టుబట్టాడు. 220 చూపించింది. మొన్న గొణిగిన పిల్లాడు ఈసారి గట్టిగానే “చెప్పలేదా నేను!” అన్నాడు.

ఆ నీళ్ళనే నాలుగు స్టీలు పళ్ళాల్లో పలచగా పోసి వరండా మెట్ల మీద ఎండలో పెట్టాం. ఐదో పళ్ళెంలో చక్కెర నీళ్ళు. మబ్బుగా ఉండటంతో మూడు రోజులు పట్టింది. మూడో రోజు ప్రేయర్ కూడా కాకముందే పిల్లలు మెట్ల దగ్గర మూగారు. పళ్ళెం అంచున తెల్లటి వలయం, మధ్యలో చిన్న చిన్న గళ్ళు. భూతద్దంలో చూస్తే చతురస్రాలు, మూలలు కోసినట్టున్నాయి. ఐసు సంగతి చెప్పిన అమ్మాయి చాలాసేపు చూసి “మనం వేసింది పొడి టీచర్, ఇవి గళ్ళు. ఇది ఆ ఉప్పేనా?” అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. నిజంగా మంచి ప్రశ్న.

చక్కెర పళ్ళెంలో గళ్ళు రాలేదు, జిగురు పాకంలా మిగిలింది. చుట్టూ చీమలు. ఆ పళ్ళెంలో చక్కెర ఉందని చీమలకి ముందే తెలిసిపోయిందన్నారు పిల్లలు.

---

పరీక్షనాళిక

ఆ అమ్మాయికి చెప్పండి: ఆ ఉప్పే. కరిగినప్పుడు పాత ఆకారం పోయింది, తిరిగి చేరేటప్పుడు నింపాదిగా చేరింది కాబట్టి పెద్ద గళ్ళు కట్టింది. నీడలో ఇంకా నెమ్మదిగా ఎండబెడితే ఇంకా పెద్దవి వస్తాయి. రెండు పళ్ళాలు పెట్టి పోల్చి చూడమనండి.

---

నల్లబల్ల (ఫిజికల్ సైన్స్ టీచర్, హైస్కూల్, నల్గొండ జిల్లా)

మేడమ్, మీ పోస్టు చదివి మా ఎనిమిదో తరగతిలో అదే ప్రశ్న వేశాను. మీ ఐదో తరగతి కంటే మెరుగ్గా ఏమీ లేదు. ద్రావణం నిర్వచనం అప్పజెప్పిన పిల్లాడే ఉప్పు బరువు పోతుందన్నాడు.

రెండు సందేహాలున్నాయి సార్. ఒకటి: నీళ్ళలో ఉప్పు వేస్తే నీటి మట్టం పెరగదు, ఎందుకంటే ఉప్పు కణాలు నీటి కణాల మధ్య ఖాళీల్లోకి పోతాయని పాఠం చెప్తాం. మా పిల్లలు చేస్తే మట్టం పెరిగింది. నేనేమైనా తప్పు చేశానా?

రెండోది: బరువు మారదని చూపించడానికి ప్లాస్టిక్ సీసాలో 100 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, బెలూన్‌లో 5 గ్రాముల వంటసోడా వేసి, సీసా మూతికి తొడిగి తూకం వేశాం. సోడా లోపలికి వంచగానే బెలూన్ పొంగింది. మళ్ళీ తూకం వేస్తే ఒకటిన్నర గ్రాము తగ్గింది. దారం బిగించి మళ్ళీ చేసినా అంతే. గ్యాస్ లీకైందని పిల్లలకు చెప్పేశాను కానీ నాకే నమ్మకం కుదరడం లేదు.

---

పరీక్షనాళిక

మీరు తప్పు చేయలేదు నల్లబల్ల గారూ. మట్టం పెరుగుతుంది. 100 మిల్లీలీటర్ల నీళ్ళు 36 గ్రాముల దాకా ఉప్పుని కరిగించుకుంటాయి. అంత ఉప్పు విడిగా 16, 17 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. కలిపాక మొత్తం సుమారు 113 అవుతుంది. అంటే 117 దాకా రావాల్సింది కాస్త తగ్గిందే తప్ప, మట్టం పెరగకుండా ఉండలేదు. వెడల్పాటి బీకరులో చిటికెడు ఉప్పు వేసి కంటితో చూస్తే పెరిగినట్టు కనపడదు, అందుకే ఆ మాట పాతుకుపోయింది. ఖాళీల కథ కూడా సగమే నిజం. మీ పిల్లలు చూసింది సరైనదని వాళ్ళకి చెప్పండి. పాఠం కంటే కొలత పెద్దదని ఒక్కసారి టీచర్ నోట వింటే పిల్లలు జీవితాంతం మర్చిపోరు.

బెలూన్ లీకు కాలేదు. 5 గ్రాముల సోడా నుంచి దాదాపు లీటరున్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బెలూన్ ఉబ్బి, అంత గాలిని పక్కకి నెట్టింది. లీటరు గాలి సుమారు 1.2 గ్రాముల బరువు. నీళ్ళలో మునిగిన బిందె తేలికైనట్టే, గాలిలో ఉబ్బిన బెలూన్ తను నెట్టిన గాలి బరువంత తేలికగా కనిపిస్తుంది. మీకొచ్చిన ఒకటిన్నర గ్రాము తేడా అదే.

బెలూన్ లేకుండా చేయాలంటే లీటరు కూల్‌డ్రింక్ సీసాలో కొంచెం వెనిగర్ పోసి, సోడా ఒక్క గ్రాము మించకుండా కాగితంలో చుట్టి వేసి, వెంటనే మూత గట్టిగా బిగించండి. వచ్చే వాయువు 300 మిల్లీలీటర్ల లోపే, ఆ సీసా తట్టుకుంటుంది. సోడా పెంచకండి, గాజు సీసా అసలు వాడకండి. సీసా పెద్దగా ఉబ్బదు, తూకం కదలదు. బరువు మారదని చూపించడానికి ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోయిజే 18వ శతాబ్దంలో మూసిన పాత్రలు పట్టుకుని చేసిన పనికి ఇది చిన్న రూపం.

---

అరిసెలపాకం

నేను టీచర్‌ని కాను, మనవళ్ళకి అమ్మమ్మని. మీరంతా చదువుకున్నవాళ్ళు, నాకు తెలిసింది చెప్తాను.

బాణలిలో ఉత్త చక్కెర వేసి సన్నమంట మీద పెడితే అది వేడి‘కి’ కరుగుతుంది. చూస్తుండగానే ఎర్రబడి, ఏమరుపాటుగా ఉంటే మాడి నల్లబడుతుంది. అదే చక్కెరలో నీళ్ళు పోసి పెడితే నీళ్ళ‘లో’ కరిగి పాకమవుతుంది. అరిసెలకి బెల్లం పాకం పట్టేటప్పుడు ముందు లేతపాకం, తర్వాత తీగపాకం, తర్వాత ఉండపాకం. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. నీరు ఇగిరేకొద్దీ పాకం ముదురుతుందని మా అమ్మ చెప్పేది.

ఈ కరగడాలు రెండూ ఒకే బాణలిలో చూపించవచ్చు. అయితే పాకం ఒంటి మీద పడితే అంటుకుపోయి కాలుతుంది, పిల్లల్ని దూరంగా నిలబెట్టాలి.

ఇంకొకటి. ‘హారతి కర్పూరంలా కరిగిపోయింది’ అంటాం. అది దేనికి కరిగినట్టు, దేంట్లో కరిగినట్టు?

---

పరీక్షనాళిక

అమ్మా, మీ అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. నీరు తగ్గేకొద్దీ పాకం మరిగే వేడి 100 దాటి పైకెళ్తుంది. మెత్తటి ఉండ కట్టే పాకం సుమారు 112 నుంచి 116 డిగ్రీల దగ్గర ఉంటుంది. థర్మామీటర్ లేకుండా పళ్ళెంలో నీళ్ళతో అది కనిపెట్టారు మన ఆడవాళ్ళు.

హారతి కర్పూరం రెండు వరసల్లోనూ పడదు. వెలిగించకుండా వదిలేస్తే ద్రవం కాకుండానే ఆవిరై వాసనగా పోతుంది. వెలిగిస్తే ఆ ఆవిరి మండుతుంది. కొవ్వొత్తి ఇంకా చిత్రం. మైనం మంటకి కరుగుతుంది, కరిగింది వత్తి వెంట పైకెక్కి ఆవిరై మండుతుంది. కొవ్వొత్తి కరిగిపోయిందని అంటాం కానీ పోయింది కరిగిన మైనం కాదు, మండిన మైనం. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం మొదలుపెట్టి, ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలిచ్చాడు.

చల్లటి గాజు గ్లాసుని మంట పైన ఒక్క క్షణం బోర్లిస్తే లోపల మంచు పట్టినట్టు మసకబారుతుంది. అది మంటలోంచి పుట్టిన నీరు. మీ క్లాసు అమ్మాయి ‘నీళ్ళయిపోయింది’ అన్న మాట ఇక్కడ కొంతవరకు నిజమవుతుంది పలకబలపం గారూ! మైనంలో కొంత భాగం నిజంగానే నీళ్ళయింది. కొత్త పదార్థం పుట్టింది కాబట్టి ఇదీ అసలు రసాయన మార్పు.

---

నల్లబల్ల

సార్, మరి తిరిగొస్తే భౌతిక మార్పు, తిరిగి రాకపోతే రసాయన మార్పు అని చెప్తాం కదా. ఐదో తరగతికి ఆ గుర్తు చాలా?

---

అరిసెలపాకం

దిష్టి తీసే ఎర్రనీళ్ళ మాటేమిటి బాబూ? పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రగా అవుతాయి. వాటిలో నిమ్మకాయ పిండితే మళ్ళీ పచ్చబడతాయి. మా మనవడు గ్లాసులో చేసి చూపించాడు.

---

పరీక్షనాళిక

మీ మనవడే జవాబు చెప్పేశాడు. పసుపు ఎర్రబడటం రసాయన మార్పే, అయినా తిరిగొచ్చింది. కాబట్టి ఆ గుర్తు మోటుగా పనికొస్తుందే కానీ నియమం కాదు. పిల్లలకు “కొత్త పదార్థం ఏమైనా వచ్చిందా?” అనే ప్రశ్న నేర్పితే మంచిది.

పసుపు ముద్ద తెల్ల కాగితానికి రాసి, ఆరబెట్టి, ముక్కలు కత్తిరిస్తే పరీక్ష కాగితాలు తయారు. సబ్బు నీళ్ళు, బట్టల సోడా, కట్టెల బూడిద తేట తగిలితే ఎర్రబడతాయి. నిమ్మరసం, చింతపండు రసం, ఉప్పు నీళ్ళకి పచ్చగానే ఉంటాయి. కూర మరక మీద సబ్బు పెడితే ఎర్రబడటం ప్రతి పిల్లా చూసే ఉంటుంది. మందార పూలు నానబెట్టిన నీళ్ళయితే పులుపుకి ముదురు గులాబీ, సబ్బు, సోడా లాంటి క్షారానికి ఆకుపచ్చ, రెండు వైపులా చెప్తాయి.

అణువులు, పరమాణువుల జోలికి ఐదో తరగతిలో వెళ్ళకండని నా అభిప్రాయం. అక్కడా మాట చిక్కుంది. అణుబాంబు అన్నప్పుడు అణువంటే పరమాణువు (ఆటమ్), పాఠంలో అణువంటే పరమాణువులు కలిసినది (మాలిక్యూల్). హైస్కూల్లో నల్లబల్ల గారు విడదీస్తారు.

---

నిర్వాహకురాలు

చర్చ బాగా నడుస్తోంది. ఈ వేదిక చూసి ఇళ్ళలో చేసేవాళ్ళున్నారు కాబట్టి కొన్ని మాటలు తప్పక చెప్పాలి. కాల్చిన సున్నపు రాయి పిల్లల దగ్గరికి రానివ్వకండి. నీళ్ళు తగిలితే కుతకుతలాడి చిందుతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. తాంబూలం సున్నమైనా పెద్దవాళ్ళే కలపాలి. కంట్లో పడితే వెంటనే చాలాసేపు నీళ్ళతో కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి. బ్లీచింగ్ పౌడర్‌ని యాసిడ్‌తో గానీ, నిమ్మరసం, వెనిగర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. కర్పూరం మింగితే విషం. క్లాసులో కలిపినది ఉప్పు నీళ్ళే అయినా రుచి చూడనివ్వకండి. ఒకసారి అలవాటైతే ఇంకో సీసా కూడా నాలుక మీదికి వెళ్తుంది.

---

గడియారం

నేను చెప్పిన మాట ప్రకారం తెలుగు పీరియడ్‌లో చేశాను. 20 నిమిషాలు పట్టింది. ‘కి’ వరస, ‘లో’ వరస అని బోర్డు మధ్యలో గీత గీసి పిల్లల్నే వాక్యాలు చెప్పమన్నాను. నాలుగో తరగతి పిల్లలు కూడా పోటీపడ్డారు. ఒకమ్మాయి “మా తాత మనసు కరిగింది” అంది. ఏ వరసలో రాయాలని అడిగితే “ఏడుపుకి” అంది. ‘కి’ వరసలోనే రాశాను. టైము లేదని ఇన్నాళ్ళూ ఆగినందుకు బాధగా ఉంది మేడమ్.

---

పలకబలపం

గడియారం గారూ, మీ పోస్టు మా స్టాఫ్‌రూంలో అందరికీ చదివి వినిపించాను.

నిన్న మా వాళ్ళు నన్నే ఇరుకున పెట్టారు. నోట్లో చాక్లెట్ కరిగిందంటాం కదా, అది నోటి వేడికా, ఉమ్మిలోనా అని అడిగాడొకడు. మా ఊళ్ళో బిళ్ళలన్నిటినీ చాక్లెట్ అనే అంటారు కాబట్టి మొదట ఏ చాక్లెట్టో తేల్చుకోవాల్సి వచ్చింది. చివరికి ఒక మిల్క్ చాక్లెట్ బార్ ముక్కలు, ఒక ప్యాకెట్ నిమ్మతొన బిళ్ళలు తెప్పించాను. ఒక్కొక్కటీ చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి ముడేసి, గుప్పిట్లో బిగించి పట్టుకోమన్నాను. అందరూ కలిసి పన్నెండో ఎక్కం నుంచి పదహారో ఎక్కం దాకా చెప్పారు.

గుప్పిళ్ళు తెరిస్తే చాక్లెట్ కవర్లో పేస్టులా అయింది. నిమ్మతొన మాత్రం ఎలా ఇచ్చామో అలాగే ఉంది, కొంచెం వెచ్చబడిందంతే. తర్వాత నిమ్మతొనని కప్పులో చల్లటి నీళ్ళలో వేస్తే నెమ్మదిగా రంగు దిగి చిన్నదైంది. చాక్లెట్ ముక్క అదే నీళ్ళలో రాయిలా కూర్చుంది. అడిగినవాడే లేచి “చాక్లెట్ వేడికి కరిగింది టీచర్, నిమ్మతొన ఉమ్మిలో కరిగింది” అన్నాడు. క్లాసంతా చప్పట్లు.

ఆ తర్వాత ఐసు అమ్మాయి 801 అంకె గుర్తుపెట్టుకుని అడిగింది, ఉప్పుని వేడికి కరిగించాలంటే ఎంత మంట కావాలని. బంగారం కరగడానికి 1064 డిగ్రీలు కావాలి, ఉప్పు అంతకంటే ముందే కరుగుతుందని చెప్పాను. వాళ్ళ చిన్నాన్న బంగారప్పని చేస్తాడట. ఆదివారం వెళ్ళి కొలిమిలో చిటికెడు ఉప్పు పెట్టి చూపించమని అడుగుతానంది. వాళ్ళమ్మకి ఫోన్ చేసి, చిన్నాన్నే చేయాలనీ, పిల్లని దూరంగా నిలబెట్టాలనీ చెప్పాను. సోమవారం ఏం చెప్తుందో ఇక్కడ రాస్తాను.